'బారో బాయ్' అంటే బండి మీద పళ్ళమ్మేవాడేనా?

నమస్తే అండీ. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. 1980ల నాటి లండన్ షేర్ మార్కెట్ మీద ఒక ఇంగ్లీషు వ్యాసం తెలుగు చేస్తున్నారు. అందులో ఖరీదైన కారులో తిరిగే ఒక ట్రేడర్‌ని అతని పైఅధికారి 'బారో బాయ్' అంటాడు. నిఘంటువులో చూస్తే 'తోపుడు బండి మీద సరుకులు అమ్మే కుర్రాడు' అని ఉంది. వ్యాసంలోని మనిషి ఏనాడూ బండి తోసినవాడు కాదు. మరి అది తిట్టా, మెచ్చుకోలా? తెలుగులో ఏం రాయాలి?

జవాబు ముందే చెప్పేస్తాను. మీ వ్యాసంలో ఆ మాట ఆ మనిషి పుట్టుక మీద వేసిన ముద్ర. 'వీడు మన బడుల్లో చదివినవాడు కాదు, తూర్పు లండన్ వీధుల్లోంచి వచ్చాడు, సంతలో గొంతు చించుకునేవాళ్ళ జాతి, కానీ లెక్కల్లో మాత్రం చురుకు' అన్నదంతా ఆ రెండు మాటల్లో ఉంది. తిట్టు పాలు ఎక్కువ, మెప్పు పాలు కొంచెం. ఏది ఎంతో తేలాలంటే మూడు సంగతులు చూడాలి: ఏ కాలంలో అన్నారు, ఎవరు అన్నారు, ఎవరి గురించి అన్నారు. నిఘంటువు అర్థం తెచ్చి అక్కడ పెడితే పాఠకుడు ఆ మనిషి నిజంగానే పళ్ళ బండి తోశాడనుకుంటాడు.

ఇది నేను చేసిన తప్పే కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. ఇరవై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు నుంచి తెలుగుకు అనువాదాలు, సబ్‌టైటిళ్ళు చేస్తున్నాను. మొదటి రోజుల్లో ఒక డాక్యుమెంటరీకి సబ్‌టైటిళ్ళు రాస్తూ సరిగ్గా ఇలాంటి చోటే 'తోపుడు బండి కుర్రాడు' అని రాశాను. చూసినవాళ్ళు 'ఇతను పళ్ళమ్మి బ్యాంకులోకి ఎలా వచ్చాడు, ఆ కథ చెప్పలేదేం?' అని అడిగారు. నాకు సమాధానం దొరకలేదు, ఎందుకంటే ఆ కథే లేదు. అప్పటినుంచి ఈ మాట ఎక్కడ కనబడినా ఆగి చూసుకుంటాను.

మొదట బండి సంగతి. 'బారో' అంటే చేత్తో తోసుకునే బండి. లండన్‌లో చాలామంది వ్యాపారులకు ఆ బండి కూడా సొంతం కాదు, యార్డుల్లో అద్దెకు తెచ్చుకునేవారు. తెల్లవారకముందే కోవెంట్ గార్డెన్ టోకు మార్కెట్‌కు వెళ్ళి పళ్ళో కూరలో ఎత్తుకొచ్చి, పొద్దంతా వీధుల్లో అమ్మి, సాయంత్రానికి బండి అప్పగించాలి. అప్పు తెచ్చిన పెట్టుబడికి వడ్డీ అదనం. మా మేనమామ రాజమండ్రిలో బండి మీద చక్కెరకేళీలు, అమృతపాణులు అమ్మి ముగ్గురు పిల్లల్ని చదివించాడు. గెల ధర, అద్దె, వడ్డీ, మిగులు అన్నీ ఆయన నోటి లెక్కే. ఆయన్ని చూసి పెరిగినవాణ్ణి కాబట్టి, 'బండి' అన్న మాటను తక్కువ చేసి వాడటం ఏ భాషలో చూసినా నాకు కష్టంగానే ఉంటుంది.

'బారో బాయ్' కంటే ముందు ఇంగ్లీషులో ఈ పనివాళ్ళకు వేరే పేరుండేది, 'కాస్టర్‌మాంగర్'. కాస్టర్డ్ అనేది గట్లు తేలిన పెద్ద రకం యాపిల్. మాంగర్ అంటే అమ్మేవాడు. యాపిళ్ళమ్మేవాడు అన్న మామూలు మాటే క్రమంగా వీధుల్లో పళ్ళు, కూరలు, చేపలు ఏవి అమ్మినా వాడుకైంది. 'మాంగర్' అన్న ముక్కను గమనించండి. చేపలమ్మేవాడికి, ఇనుప సామాన్లమ్మేవాడికి తగిలిస్తే అది వట్టి వృత్తి పేరు. యుద్ధం, పుకారు పక్కన చేరిస్తే నింద. వ్యాపారం చేసేవాణ్ణి కొంచెం అనుమానంగా చూసే చూపు ఆ ముక్కలో మొదటినుంచీ నక్కి ఉంది. 1590ల చివర్లోనే షేక్‌స్పియర్ పాత్ర ఫాల్‌స్టాఫ్ తన రోజుల్ని 'కాస్టర్‌మాంగర్ల కాలం' అని ఈసడిస్తాడు, మంచితనానికి విలువ లేని రోజులన్న అర్థంలో.

హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత 1851లో అచ్చువేసిన లండన్ పేదల సర్వేలో ఆడ, మగ, పిల్లలు కలిపి 30,000 మంది కాస్టర్‌మాంగర్లు ఉంటారని లెక్క వేశాడు. వాళ్ళకొక రహస్య భాష ఉండేదనీ రాశాడు. మాటను వెనక నుంచి ముందుకు తిప్పి పలకడం దాని పద్ధతి. పోలీసులు వాళ్ళ నోట 'ఎస్లాప్' అయ్యారు. కొనేవాడికి, పోలీసుకు అర్థం కాకుండా బేరం నడుపుకోవడానికి అది పనికొచ్చేది. అదే తిరగేత మాటల్లోంచి 'బాయ్' కాస్తా 'యాబ్' అయింది. మొదట్లో దానికి అబ్బాయి అనే అర్థం. ఇవాళ బ్రిటన్‌లో యాబ్ అంటే వీధి రౌడీ కుర్రాడు. సంత జనం తమ పిల్లల్ని పిలుచుకున్న మాట, పైవర్గాల నోట పడేసరికి తిట్టు అయి కూర్చుంది. 'బారో బాయ్' కూడా ఇదే దారి పట్టింది కాబట్టే దీన్ని ప్రస్తావించాను.

ఇక్కడొక జాగ్రత్త. 'బాయ్' ఉంది కదా అని 'కుర్రాడు' అనెయ్యకండి. అరవై ఏళ్ళ మనిషి కూడా బారో బాయే. చదువుకునే రోజుల్లో నేను తూర్పు లండన్‌లోని అప్టన్ పార్క్ దగ్గర క్వీన్స్ మార్కెట్‌లో శనివారాలు ఒక కూరల దుకాణంలో పనిచేశాను. 'పౌండ్ ఎ బోల్, పౌండ్ ఎ బోల్' అని అరవడమే నా పని. స్టీలు గిన్నె నిండా మిరపకాయలో టమాటాలో పోసి, గిన్నె పౌండు చొప్పున అమ్మేవాళ్ళం. పక్క దుకాణం ఆయనకు డెబ్బై దాటాయి. తనను తాను గర్వంగా బారో బాయ్‌నని చెప్పుకునేవాడు. ఒకసారి సూటు వేసుకొచ్చిన ఒకాయన నవ్వుతూ అదే మాటతో పిలిస్తే, ముఖం ముడుచుకుని తూకం వేసిన సంచీ పక్కన పెట్టేశాడు. సరుకు ఇవ్వలేదు. నాకప్పుడు విషయం పూర్తిగా తెలియలేదు. తర్వాత టీ తాగుతూ అడిగితే, 'నా నోట అది నా పేరు, అతని నోట నా స్థానం' అన్నాడు. ఈ మాట గురించి నేను చదివిన వాటన్నిటికంటే ఆ వాక్యమే నాకు ఎక్కువ నేర్పింది.

మాటకు మరక బాగా అంటింది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో. బ్రిటన్‌లో 1940 జనవరిలో మొదలైన ఆహార రేషన్ 1954 జూలై దాకా సాగింది. యుద్ధం 1945లోనే అయిపోయినా కొరత మరో తొమ్మిదేళ్ళు పోలేదు. తాజా పళ్ళకు రేషన్ కార్డు లేదు గానీ, అసలు సరుకే దొరికేది కాదు. 1940 చివర్లో అరటిపళ్ళ దిగుమతి ఆపేశారు. యుద్ధంలో పుట్టిన పిల్లల్లో చాలామంది అరటిపండు ఎలా ఉంటుందో ఎరగకుండానే నడక నేర్చారు. అలాంటి రోజుల్లో ఎవరి బండి మీదైనా నాలుగు మంచి పళ్ళు కనిపిస్తే చూసేవాడికి రెండు ఆలోచనలు వచ్చేవి: కొనాలి, ఇవి వీడికెలా వచ్చాయి.

అదే సమయంలో 'స్పివ్' అన్న మాట ఊరంతా పాకింది. గుర్రప్పందాల చుట్టుపక్కల ముందునుంచీ ఉన్న మాటే అది. యుద్ధంలో బ్లాక్ మార్కెట్ సరుకు తిప్పేవాడికి పేరైంది. వెడల్పు భుజాల కోటు, కళ్ళు చెదిరే టై, సన్న మీసం, లోపలి జేబులో నైలాన్ మేజోళ్ళు, ఇదీ అతని బొమ్మ. బండివాడు వేరు, స్పివ్ వేరు. ఒకరిది వీధిలో బహిరంగ వ్యాపారం, రెండోవారిది చాటు వ్యాపారం. కానీ పేపర్లు, అధికారులు ఇద్దర్నీ ఒకే గాటన కట్టేశారు. 1947లో ప్రభుత్వం ఉద్యోగ నమోదు ఉత్తర్వు తెచ్చినప్పుడు నైట్ క్లబ్బుల్లో, జూదం వ్యాపారాల్లో పనిచేసేవాళ్ళతో పాటు వీధి వ్యాపారుల్ని కూడా పేర్లు రాయించుకోమంది. దేశానికి పనికొచ్చే పని చేయనివాళ్ళని పట్టుకుని ఫ్యాక్టరీలకు, గనులకు పంపాలన్నది ఉద్దేశం. తెల్లవారుజామున మూడింటికి లేచి బండి తోసేవాడు 'పని చేయనివాడు' ఎలా అయ్యాడో నాకు ఎప్పటికీ మింగుడుపడదు. కాబట్టి 1940ల నాటి రచనలో ఈ మాట కనిపిస్తే, పళ్ళతో పాటు అనుమానం వాసన కూడా ఉందేమో చూసుకోండి.

ఇక మీ వ్యాసం కాలానికి వస్తాను. ఇదే అసలు మలుపు.

లండన్ 'సిటీ' అంటే నగరం మొత్తం కాదు, బ్యాంకులు, ఎక్స్ఛేంజీలు ఉన్న ఒక చదరపు మైలు ప్రాంతం. తూర్పు లండన్ సంతలకూ దానికీ నడిచిపోయేంత దూరమే. పెట్టికోట్ లేన్ సంత సిటీ గోడను ఆనుకుని ఉన్నట్టే ఉంటుంది. అయినా తరాల తరబడి ఆ నాలుగు వీధులు దాటడం సంతవాళ్ళకు కష్టమైంది. పెద్ద బ్రోకరు సంస్థల్లో పేరున్న ప్రైవేటు బడుల్లో చదివినవాళ్ళదే రాజ్యం. ఉద్యోగం ఇచ్చేముందు మీ నాన్న ఎవరు, ఏ బడి అని చూసేవాళ్ళు.

1982 సెప్టెంబరులో ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే ధర కట్టుకునే ఒప్పందాలు) వ్యాపారం కోసం కొత్త ఎక్స్ఛేంజి తెరిచారు. దాని పొట్టిపేరును 'లైఫ్' అని పలికేవారు. అప్పట్లో అక్కడ వ్యాపారం కంప్యూటర్ మీద కాదు. ఒక గోదాలో నిలబడి, రంగురంగుల కోట్లు వేసుకుని, ధర గట్టిగా అరుస్తూ, చేతి సైగలతో కొనడం, అమ్మడం. 1986 అక్టోబర్ 27న 'బిగ్ బ్యాంగ్' వచ్చింది. కమీషన్ రేట్ల కట్టడి పోయింది, ఖాతాదారుల తరఫున కొనే బ్రోకర్లకూ, సొంత డబ్బుతో షేర్లు కొని అమ్మే జాబర్లకూ మధ్య గోడ పోయింది, విదేశీ బ్యాంకులు వచ్చి పాత సంస్థల్ని కొనేశాయి. వచ్చినవాళ్ళకు కావలసింది బడి పేరు కాదు. రెప్పపాటులో ధర కట్టగలగాలి, గొంతు ఉండాలి, నష్టం వస్తే బెదరకూడదు, ఎదుటివాడి కళ్ళు చూసి బేరం తేల్చాలి.

ఇవన్నీ ఎవరి విద్యలు? మా మేనమామ విద్యలే. డజను ఎంతకు పడింది, ఎంతకిస్తే పోతుంది, సాయంత్రానికి మగ్గిపోయే సరుకు ఇప్పుడే దింపేయాలా ఆగాలా, ఈ లెక్కే బాండుకూ ఫ్యూచర్‌కూ. తూర్పు లండన్, దాని పక్కనున్న ఎసెక్స్ కుర్రాళ్ళు, చాలామంది పదహారేళ్ళకే బడి వదిలినవాళ్ళు, ఆ గోదాల్లోకి వచ్చి పాతవాళ్ళ కంటే ఎక్కువ సంపాదించారు. డబ్బుకు వాళ్ళు వాడిన మాటలు కూడా వీధి మాటలే: 25 పౌండ్లకు 'పోనీ', 500కు 'మంకీ'. వాళ్ళ రాకతోనే 'బారో బాయ్' సిటీలోకి వచ్చింది. బండి వెనకే ఉండిపోయింది, పేరు మాత్రం మనిషి వెంట నడిచొచ్చింది. వాళ్ళలో నిజంగా బండి తోసినవాళ్ళు కొందరే. మిగతావాళ్ళకు అది యాసను బట్టి తగిలిన పేరు.

ఆ పేరు ఎంత దెబ్బ తీయగలదో చూడాలంటే 1995 ఫిబ్రవరి గుర్తు చేసుకోవాలి. 1762లో పుట్టిన బేరింగ్స్ బ్యాంకు సింగపూర్‌లో నిక్ లీసన్ పోగొట్టిన సుమారు 82 కోట్ల 70 లక్షల పౌండ్ల కింద పడి కుప్పకూలింది. లీసన్ వాట్‌ఫర్డ్‌లో గోడలకు పూత పూసే మేస్త్రీ కొడుకు. కథనాలన్నిటిలో తండ్రి వృత్తి తప్పకుండా కనిపించేది. అసలు లోపం వేరే ఉంది. వ్యాపారం చేసే మనిషికే ఆ లెక్కలు సరిచూసే విభాగం కూడా అప్పగించారు. ఏ సంతలోనైనా గల్లాపెట్టె, తూకం, ఖాతా ఒకే కొత్త మనిషి చేతిలో పెట్టి యజమాని ఊరెళ్ళడు. తప్పు అతను చేశాడు, కాదనను. కానీ ఆ తప్పును పుట్టుకతో ముడిపెట్టే రాత కనిపిస్తే, అది రాసినవాడి చూపు అని అనువాదంలో తెలియాలి.

మెప్పు పాలు ఎక్కడ ఉంటుందంటే, పైకొచ్చినవాళ్ళ కథల్లో. టెస్కో సూపర్‌మార్కెట్ల స్థాపకుడు జాక్ కోహెన్ మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చి, సైన్యం ఇచ్చిన 30 పౌండ్లతో మిగులు సరుకు కొని 1919లో హాక్నీ సంతలో అమ్మకం మొదలుపెట్టాడు. మొదటి రోజు అమ్మకం 4 పౌండ్లు, లాభం 1 పౌండు. చివరికి 'సర్' బిరుదు పొందాడు. హాక్నీలోనే పుట్టిన అలన్ షుగర్ వ్యాను వెనక పెట్టుకుని కారు ఏరియల్స్ అమ్మి, 1968లో ఆమ్‌స్ట్రాడ్ అనే ఎలక్ట్రానిక్స్ సంస్థ పెట్టాడు, 2009లో ప్రభువుల సభలోకి వెళ్ళాడు. ఇలాంటివాళ్ళ గురించి రాసేటప్పుడు ఈ మాటకు 'కష్టపడి పైకొచ్చినవాడు, మూలం మరచిపోనివాడు' అన్న వెలుగు ఉంటుంది. తనంతట తాను చెప్పుకుంటే పతకం. ఇంకొకరు అంటే మాత్రం ముల్లు ఉందేమో తడిమి చూడాలి.

ఊరు మారినా బరువు మారుతుంది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 'బారాస్' అనే పెద్ద సంత ఉంది. అక్కడి యాసలో బారోలు అనే అర్థం. మార్గరెట్ మెకైవర్ అనే ఆవిడ, ఆవిడ భర్త వ్యాపారులకు బళ్ళు అద్దెకిచ్చి మొదలుపెట్టి, 1920ల్లో ఆ సంతకు కప్పు వేయించారు. ఆ ఊరివాళ్ళకు బండి పేరు సొంత ఊరి గర్వం.

'స్పివ్' కూడా చివరికి బ్యాంకు గుమ్మానికే చేరింది. 2008లో హెచ్‌బీఓఎస్ బ్యాంకు కూలినప్పుడు స్కాట్లాండ్ ఫస్ట్ మినిస్టర్ అలెక్స్ సామండ్, 2010లో బ్రిటన్ మంత్రి విన్స్ కేబుల్ సిటీవాళ్ళని ఆ మాటతోనే తిట్టారు. తేడా చూడండి. స్పివ్ అంటే మోసం మీద తిట్టు, పెద్దింటి పిల్లల బడి ఎటన్‌లో చదివినవాణ్ణి కూడా అనొచ్చు. బారో బాయ్ అని అతన్ని అనలేరు. ఈ రెండింటినీ తెలుగులో ఒకే మాటతో సరిపెట్టకండి.

తెలుగులో ఏం రాయాలన్న దగ్గరికి వద్దాం. మనకూ ఇలాంటి మాటలున్నాయి. 'దళారి' మొదట వట్టి మధ్యవర్తి, ఇవాళ రైతును ముంచేవాడు. 'బజారు' కూడా అంతే. అమ్మకాలు జరిగే చోటు పేరు, కానీ 'బజారున పడ్డాడు', 'బజారుకెక్కాడు' అంటే పరువు పోయినట్టు. సంత మీద మన పెద్దింటి చూపూ లండన్ చూపూ ఒకటే. అయినా బారో బాయ్‌కి 'బజారు మనిషి' వద్దు. తెలుగులో దాని బురద వేరు, శీలం మీదికి పోతుంది.

నిజంగా అమ్మేవాడైతే నేను 'తోపుడు బండి వ్యాపారి' అనో, మాటల్లో అయితే 'పళ్ళ బండాయన' అనో రాస్తాను. 1940ల అనుమానం ఉంటే పక్క వాక్యంలో దొంగ సరుకు, కొరత ధ్వనించేలా చూసుకుంటాను. సిటీ ట్రేడర్ అయితే 'బండివాడు'. 'బండాయన'కూ 'బండివాడు'కూ మధ్య ఉన్న దూరమే ఈ మాటలోని దూరం. ఆ పని మన భాషలో ప్రత్యయమే చేసిపెడుతుంది. పొగడ్త అయితే 'సంతలో రాటుదేలినవాడు' బాగా కుదురుతుంది.

రెండు పనులు మాత్రం చేయొద్దని బతిమాలుకుంటాను. ఒకటి, ఏ కులం పేరూ, కులం ధ్వనించే మాటా తేవద్దు. అక్కడిది వర్గం మీది తక్కువ చూపు. ఇక్కడి కులాన్ని దాని మీద పరిస్తే కథ మారిపోతుంది, చదివేవాడి మనసూ గాయపడుతుంది. రెండు, కాక్నీ అనే తూర్పు లండన్ యాసను చూపించడానికి తెలంగాణ యాసో, రాయలసీమ, ఉత్తరాంధ్ర యాసో ఆ పాత్ర నోట పెట్టొద్దు. మన డబ్బింగుల్లో ఏళ్ళ తరబడి ఈ అన్యాయం జరిగింది. తక్కువ పాత్ర రాగానే ఎవరిదో ఒకరి ఇంటి భాష తెచ్చి తగిలించడం. యాస సంగతి కథనంలో ఒక ముక్క చెప్తే చాలు: 'తూర్పు లండన్ యాస ఇంకా వదల్లేదు' అని.

ఇక మీరు ఇచ్చిన వాక్యం. అధికారి ఆ ట్రేడర్ కారు వంక చూసి, లెక్కల్లో వాడికెవరూ సాటిరారు గానీ వాడింకా బారో బాయే, అంటున్నాడు. నేనైతే ఇలా రాస్తాను: 'లెక్కల్లో వాడికి సాటి లేరు. కానీ ఏ కారెక్కినా బండివాడు బండివాడే.' ఈ మాట మొదటిసారి వచ్చిన చోట, దానికి ముందు పేరాలో, 'తూర్పు లండన్ సంత వీధుల నుంచి వచ్చిన ఇలాంటి కుర్రాళ్ళను సిటీ పెద్దలు బండివాళ్ళనేవారు' అని ఒక్క వాక్యం కలపండి, అడుగున వివరణ అక్కర్లేదు. వ్యాసంలో అదే మాట ఆ ట్రేడర్ తన నోటితో తన గురించి అనుకున్న చోటు కూడా ఉంటే, దాన్ని ఇదే మాటతో నింపకుండా ఇక్కడ పెట్టండి, చుట్టూ ఉన్న వాక్యాలతో సహా చూస్తాను.